ప్లగ్గు ముందా, క్లిప్పు ముందా?

టెక్సాస్. ఆగస్టు నెల, రాత్రి తొమ్మిది. పొద్దంతా టెక్సోమా సరస్సులో గాలికి ఎదురు వెళ్లిన పడవ, ఇప్పుడు డాలస్ శివారులో మీ గరాజ్ ముందు ట్రైలర్ మీద ఉంది. దాని ముక్కున ట్రోలింగ్ మోటార్. చేపలకు అలికిడి తెలియకుండా పడవను మెల్లగా నడిపే కరెంటు మోటార్ అది. చివరి గంటలో ఎంత నీరసంగా తిరిగిందో మీరు చూశారు. కళ్లు మూతలు పడుతున్నాయి. బ్యాటరీ సంగతి రేపు చూసుకుందామా?

వద్దు. ఈ రాత్రే ఛార్జింగ్ పెట్టండి. వాడిన బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని ఉంటుంది. ఇప్పుడు కరెంటు ఎక్కిస్తే అందులోని సల్ఫేట్ తిరిగి యాసిడ్‌లో కలిసిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలై బిగుసుకుంటుంది. వాడి వాడి అరిగిపోయిన బ్యాటరీని చూస్తే నాకు బాధ లేదు. ఇలా వదిలేసి పాడుచేసుకున్నదాన్ని చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది.

పడవలోనే ఛార్జింగ్ పెడితే అరలో మూత కింద వాయువు పోగవుతుంది. అందుకే బ్యాటరీని బయటికి తీస్తారు. పాతిక కిలోల పైమాటే. గరాజ్ షట్టర్ పూర్తిగా ఎత్తి, దాని దగ్గరే నేల మీద దించండి. మీటర్ పెడితే 12.1 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 దాటాలి. అంటే సగం ఖర్చయింది.

కళ్లద్దాలు, గ్లౌజులు. టార్చి. ఐదు సెల్స్‌లో నీళ్లున్నాయి. ఆరోదానిలో ప్లేట్ల అంచులు బయటపడ్డాయి. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసినట్టే డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. చెయ్యి ఆగదు, పైదాకా నింపేయాలనిపిస్తుంది. ఆగండి. ప్లేట్లు మునిగితే చాలు. ఛార్జ్ ఎక్కేకొద్దీ లోపల మట్టం పెరుగుతుంది. ఇప్పుడే నిండా పోస్తే యాసిడ్ పొంగి నేల మీదికొస్తుంది. మిగతాది ఛార్జింగ్ అయ్యాక పోయాలి.

ఎర్ర క్లిప్పు ప్లస్‌కి. నల్లది మైనస్‌కి. ఆ తర్వాతే గోడకు ప్లగ్గు. ఛార్జర్‌లో రకం ఎంచుకోవాలి. మీది నీళ్లు పోసే రకం. జెల్, లిథియం కాదు. తప్పు రకం నొక్కితే వోల్టేజీ తప్పుతుంది. బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లది, కాబట్టి 10 ఆంపియర్లు నొక్కండి. పక్కనే 50 ఊరిస్తుంది, కానీ అది ఇంజన్ స్టార్ట్ చేయడానికి. సగం నింపడానికి ఐదు గంటలు చాలనిపిస్తుంది. చాలవు. చివరి భాగం మొండిది. వోల్టేజీ 14.5 దగ్గర నిలబడి, కరెంటు తగ్గుతూ తగ్గుతూ గంటలు తీసుకుంటుంది. తెల్లారేదాకా అనుకోండి.

నాలుగింటికి మెలకువ వస్తుంది. వంటింట్లోంచి గరాజ్ తలుపు తీస్తారు. గుప్పున వాసన. కుళ్లిన గుడ్డు.

బ్యాటరీ బుసబుసమంటోంది. ఛార్జర్ ఇంకా కరెంటు తోస్తోంది. ఎర్ర క్లిప్పు లాగేయాలని అటు అడుగేస్తారు.

ఆగండి.

క్లిప్పు లాగితే నిప్పురవ్వ. చుట్టూ హైడ్రోజన్. గాలిలో 4 శాతం చాలు. పేలితే ముఖం మీద యాసిడ్.

లైటు వేయకండి. ఫ్యాను వద్దు. ఊపిరి బిగపట్టండి. ప్లగ్గు బ్యాటరీకి దూరంగా, మీ తలుపు పక్కనే ఉంది. లాగండి. వెనక్కి రండి. తలుపు మూయండి.

వాసన తగ్గినట్టుందా? నమ్మకండి. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. కాసేపటికి ముక్కునే మొద్దుబారుస్తుంది. ఇంట్లోకి వాసన వచ్చిందా, అందరినీ లేపి ముందు గుమ్మంలోంచి బయటికి తీసుకెళ్లండి.

బాగా చల్లబడి, వాయువు పూర్తిగా పోయాక, మధ్యాహ్నం, మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని క్లిప్పులు తీస్తారు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచితే ఐదు సెల్స్‌లో 1.260. ఆరోదానిలో 1.120 మాత్రమే. రాత్రి ప్లేట్లు బయటపడ్డది దీనిలోనే. ఛార్జింగ్ మధ్యలో లోపల షార్ట్ అయింది. ఆరు సెల్స్‌కి ఇవ్వాల్సిన వోల్టేజీని ఛార్జర్ ఐదింటికే ఇస్తూ పోయింది. దీన్ని బతికించలేరు. కొట్టుకు తీసుకెళ్లండి. చాలాచోట్ల పాతది అప్పగిస్తే కొత్తదాని మీద వేసే డిపాజిట్ మిగులుతుంది. కొత్తదాన్నైనా పడవలో పెట్టకముందే ఒకసారి నిండా ఛార్జ్ చేయండి. కొట్టులో అది ఎన్ని నెలలు కూర్చుందో మీకు తెలియదు.