గండిపేట గట్టున ఒక వేసవి దినము

వేసవి సెలవులలో బంధుమిత్రులతో గండిపేటకు పోవుట హైదరాబాదు కుటుంబములకు ఎంతోకాలముగా నున్న వాడుక. మేమును పులిహోర, దద్ధ్యోజనము కట్టుకొని పలుమారులు పోయితిమి. పిల్లలు నీటియంచున ఆడుకొందురు. పెద్దలు చెట్టునీడను చేరి ముచ్చటింతురు. గట్టుననున్న సాగర్ మహలు ఒకప్పుడు నిజాము ప్రభువు వేసవి విడిది. చూచువారికి ఇది విహారమునకై ఏర్పడిన తటాకమువలె తోచును. కాని దీని పుట్టుకకు కారణము ఒక మహావిపత్తు.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగెను. ఎగువనున్న చెరువులనేకము తెగి, ఆ నీరెల్ల నగరముపై బడెను. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని చెప్పుదురు.

1909లో ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి, వరదను నిలిపి, నది మోయగలిగినంతయే విడువవలెనని ఆయన సలహా యిచ్చిరి. అట్లు మూసీపై ఉస్మాన్ సాగరము, అనగా మన గండిపేట చెరువు, 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. నగరమునకు త్రాగునీరును వీనినుండి లభించెను.

వేసవిలో నీరు తగ్గి అడుగునేల బయటపడినపుడు చెరువు చిన్నదయ్యెనని తలంతుము. ఆ నేల రాబోవు వరదకై విడిచిన తావు. దానిని బీడని యెంచి ఆక్రమించుకొన్నచో, వరద మరల నగరములోనికే వచ్చును.