ట్యాక్స్ కొలువుకు సీఏ ఒక్కటే తొవ్వ కాదు

ఎవుసం మీద వచ్చే ఆమ్దానీకి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. గందుకే మన ఊళ్లల్ల ట్యాక్స్ అంటే పట్నపోళ్ల ముచ్చట అనుకుంటరు. కానీ ఎరువుల దుకాణం, పత్తి మిల్లు, రైస్ మిల్లు, ట్రాక్టర్ షోరూం అన్నీ జీఎస్‌టీ కిందనే నడుస్తున్నయ్. యూరియా బస్తా మీద 5 శాతం ఉంటది. ట్రాక్టర్ మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ఈ లెక్కలన్నీ రాసి సర్కారుకు చూపెట్టేటోళ్లు ఎవరో ఒకరు ఉండాలె. ఆ పని మన మండలం పిల్లలు ఎందుకు చెయ్యొద్దు?

బీకాం చదివేటోళ్లను కదిలిస్తే "సీఏ అయితేనే బతుకు, లేకుంటే బేకారే" అంటరు. అది నిజం కాదు. ఈ లైన్ల చాలా మెట్లున్నయ్. ఏ మెట్టు మీద ఏ పని చేసే హక్కు ఉంటదో ముందుగాల తెలుసుకుంటే పైసలు, ఏండ్లు దండుగ కావు.

పదో తరగతి పాసైనోళ్లకు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎంటీఎస్ పరీక్షతోనే హవల్దార్ పోస్టులు కూడ నింపుతరు. జీఎస్‌టీ, కస్టమ్స్ చూసే కేంద్ర బోర్డు కింద ఈ కొలువు ఉంటది. పది పాసైతే చాలు, వయసు 18 నుంచి 27. మూల జీతం 18,000. మొగోళ్లు 1,600 మీటర్లు 15 నిమిషాల్ల, ఆడపిల్లలు కిలోమీటరు 20 నిమిషాల్ల నడవాలె. ఈ పరీక్ష తెలుగుల కూడ రాయొచ్చు. ఈ సంగతి తెల్వక శానమంది అప్లయ్ చేస్తలేరు.

డిగ్రీ ఉన్నోళ్లకు

అదే కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షతోని ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్, జీఎస్‌టీ ఇన్‌స్పెక్టర్, ట్యాక్స్ అసిస్టెంట్ కొలువులు వస్తయ్. బీకామే కావాలని లేదు, ఏ డిగ్రీ అయినా సరే. ఇన్‌స్పెక్టర్ మూల జీతం 44,900, ట్యాక్స్ అసిస్టెంట్‌ది 25,500. చిక్కు ఏందంటే ఈ పరీక్ష ఇంగ్లీష్, హిందీలనే ఉంటది. ఎంటీఎస్‌ను తెలుగుల పెట్టినోళ్లు సీజీఎల్‌ను ఎందుకు పెట్టరు? చిన్న కొలువుకు తెలుగు పనికొస్తది, పెద్ద కొలువుకు పనికిరాదా? మన పిల్లలు గట్టిగ అడగాల్సిన ముచ్చట ఇది.

రాష్ట్ర కొలువుల్ల ఈ గోస లేదు. తెలంగాణల గ్రూప్-2 తోని అసిస్టెంట్ కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసర్, గ్రూప్-1 తోని కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసర్ కావచ్చు. రెండూ తెలుగుల రాయొచ్చు. సివిల్స్ మెయిన్స్ కూడ తెలుగుల రాసే వీలుంది. అందుల ఐఆర్ఎస్ వస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు నాగ్‌పూర్ల, కస్టమ్స్, జీఎస్‌టీ వాళ్లకు శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంల ట్రైనింగ్ ఇస్తరు. పాలసముద్రం అకాడమీ 2024 జనవరిల షురూ అయింది.

సొంతంగ చేసుకునేటోళ్లకు

సరుకు అమ్మే వ్యాపారం ఏడాదికి తెలంగాణల 20 లక్షలు, ఆంధ్రల 40 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలె. నెలనెలా కట్టేటోళ్లు 11వ తారీకుకు అమ్మకాల లెక్క, 20వ తారీకుకు పన్ను లెక్క పెట్టాలె. ఒక్క రోజు ఆలస్యమైనా లేట్ ఫీజు పడ్తది. గందుకే దుకాణపోళ్లకు లెక్క తెలిసిన మనిషి కావాలె.

ఈ పనికి జీఎస్‌టీ ప్రాక్టీషనర్ అని ఒక హోదా ఉన్నది. కామర్స్, లా, బ్యాంకింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ ఉన్నోళ్లు జీఎస్‌టీ పోర్టల్‌ల పీసీటీ-01 ఫారం పెట్టుకోవచ్చు. ఉత్త బీఏ, బీఎస్సీతోని ఈ తొవ్వ లేదు. వ్యాపారి ఒప్పుకుంటే ప్రాక్టీషనర్ ఆయన రిటర్నులు పెట్టొచ్చు, ఆఫీసర్ ముందట మాట్లాడొచ్చు. కానీ ఆడిట్ రిపోర్ట్ మీద సంతకం పెట్టే హక్కు ఉండదు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఆడిట్‌కు సీఏ సంతకమే కావాలె.

సీఏ, లా తొవ్వలు

సీఏకు మూడు మెట్లు: ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. కాలేజీ ఇంటర్ పాసైనంక ఫౌండేషన్ రాయొచ్చు. బీకాం అసొంటి డిగ్రీల 55 శాతం, వేరే డిగ్రీల 60 శాతం ఉంటే ఫౌండేషన్ లేకుండనే రెండో మెట్టుకు పోవచ్చు. ఒక్కో పేపర్ల 40, గ్రూపు మొత్తంల 50 శాతం రావాలె. ఆర్టికల్‌షిప్ ఇదివరకు మూడేండ్లు, ఇప్పుడు రెండేండ్లే. ఆ టైంల స్టైపెండ్ ఇస్తరు గానీ, పట్నంల కిరాయికి, తిండికి అది సరిపోతదని నమ్ముకోవద్దు. ఇంట్ల ముందే లెక్క వేసుకోవాలె.

డిగ్రీ అయినంక లాసెట్ రాసి మూడేండ్ల ఎల్ఎల్‌బీ చేస్తే ట్యాక్స్ వకీల్ కావచ్చు. జీఎస్‌టీ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 సెప్టెంబర్ల మొదలైంది. దాని బెంచ్ హైదరాబాద్‌ల కూడ ఉన్నది. వాదించేటోళ్లకు ఇగ పని పెరుగుతది.

ఇప్పుడే ఎందుకంటే

1961 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం పోయి, 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినయ్. 'అసెస్‌మెంట్ ఇయర్' పోయి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది. ముప్పై ఏండ్ల అనుభవం ఉన్నోళ్లు కూడ కొత్త పుస్తకం తెరవాల్సిందే. కొత్తగ వచ్చేటోళ్లకు ఇంతకన్న మంచి టైం దొరకదు. పాత గైడ్లు మాత్రం కొనకుర్రి.

పైలం

మూడు నెలల కోర్సు చేస్తే జీఎస్‌టీ ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ ఇస్తమని వేలకు వేలు గుంజేటోళ్లున్నరు. అక్కడ ట్యాలీ నేర్చుకుంటే అకౌంట్స్ అసిస్టెంట్ కొలువుకు పనికొస్తది. కానీ ఆ కాగితంతోని ప్రాక్టీస్ చేసే హక్కు రాదు.

ఇంకో గండం ఉన్నది. కొలువు ఇస్తమని, లోన్ ఇప్పిస్తమని మీ ఆధార్, పాన్ తీసుకొని, మీ పేరు మీద కంపెనీ తెరిచి, సరుకు లేకుండనే బిల్లులు కొడ్తరు. నోటీసు మీ ఇంటికి వస్తది. పెద్ద మొత్తం దొంగ బిల్లుల కేసుల్ల 5 ఏండ్ల దాక జైలు పడొచ్చు. అట్లనే కమీషన్ ఆశకు జీతగాళ్లకు దొంగ మినహాయింపులు రాసి రీఫండ్ ఇప్పిచ్చే పని జోలికి పోవద్దు. 2025 జులైల ఇసొంటి మధ్యవర్తుల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ దేశమంతట సోదాలు చేసింది. ఈ పనిల మీ పేరే మీ పెట్టుబడి. అది పోతే ఏ డిగ్రీ కాపాడదు.

పది దగ్గర ఆగినోళ్లు ఎంటీఎస్ నోటిఫికేషన్ మీద కన్నేయుర్రి. ఇంటర్ పిల్లలు సీఏ ఫౌండేషన్ సిలబస్ ఒక్కసారి తిరగేయుర్రి. బీకాం ఫైనలియర్ల ఉన్నోళ్లు మండలంల తెలిసిన అకౌంటెంట్ దగ్గర ఆర్నెల్లు కూసోని, దుకాణం బిల్లు రిటర్న్ దాక ఎట్ల పోతదో చూడుర్రి. క్లాసుల చెప్పని సంగతులు అక్కడ తెలుస్తయ్.