కోరుట్లలో ఆగిన జవాబు

మా మేనత్తది సిరిసిల్ల, సాంచాల (మరమగ్గాల) ఇల్లు. దుబాయిలో ఉన్న అన్న (మా పెద్దబాపు) మీద ఆమెకు ఒక్కటే కోపం. తను క్యాసెట్టు నింపి పంపితే ఆయన జవాబియ్యలేదని. "చీర పంపిండు గని మాట పంపలే" అనేది. పెద్దబాపు పోయాక ఆ కోపానికి సంజాయిషీ చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

కోరుట్లలో మా పాత ఇల్లు విప్పుతుంటే నాయినమ్మ సందుగలో, చీరల అడుగున ఒక క్యాసెట్టు దొరికింది. పైన బాల్‌పెన్నుతో 'సిరిసిల్ల' అని ఉంది. అంతే. తేదీ లేదు.

గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో క్యాసెట్టే ఉత్తరంగా నడిచిన రోజులవి. ఉత్తరమైతే ఇంకొకరితో రాయించాలి, ఇంకొకరితో చదివించాలి. ఐఎస్‌డీ ఫోన్‌లో మీటరు గిర్రున తిరుగుతుంటే మనసులో మాట నోటికి రాదు. క్యాసెట్టులో తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఊరివాళ్లెవరో బొంబాయి మీదుగా పోతుంటే తొక్కు డబ్బాతోపాటు చేతికిచ్చేవారు. అటునుంచి సెలవు మీద వచ్చేవాళ్లు సామానూ జవాబూ మోసుకొచ్చేవారు. చాలాసార్లు అదే క్యాసెట్టు రెండో వైపు నింపుకుని తిరిగొచ్చేది.

దొరికిన దాన్ని జగిత్యాలలో పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒకాయనకు ఇచ్చాను. టేపును ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోయింది. వేరే క్యాసెట్టు నుంచి తీసి అతికించాడు. బటన్ నొక్కే ముందు ఆయనే ఒక సంగతి చూపించాడు. టేపు మొదట్లో లేదు, చివరనా లేదు, రెండో వైపు సగంలో ఆగి ఉంది. "ఎవరో ఇనుకుంట ఇనుకుంట బంద్ చేసిండ్రు సార్" అన్నాడు. ఆ చోట కౌంటర్‌ను సున్నా చేసి, అప్పుడు వెనక్కి తిప్పాడు. ఆ తెలివి నాకైతే తట్టేది కాదు.

మొదటి వైపంతా అత్త గొంతు, వెనక సాంచాల టకటక. ఒకచోట ఆ చప్పుడు టక్కున ఆగిపోతుంది, గొంతు మాత్రం సాగుతూనే ఉంటుంది. "కరెంటు పొయ్యిందన్నా, ఇగ మంచిగ ఇనవడ్తది" అంటుంది. టేప్‌రికార్డరు సెల్లుల మీద నడిచిందన్నమాట. రికార్డు చేసింది సిరిసిల్ల ఇంట్లోనే, సందేహం లేదు. మరి ఎప్పుడు?

"అల్లుడే మామను దింపిండు" అంటుంది. ఎన్టీఆర్ దిగిపోయి చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1995 సెప్టెంబర్ 1న. కాబట్టి ఆ తర్వాతే. "మొన్న బేస్తారం వినాయకుడు పాలు తాగిండు, నేను గూడ చెంచతోని పోసిన" అంటుంది. దేశమంతా గుళ్ల ముందు వరుస కట్టిన ఆ గురువారం సెప్టెంబర్ 21. ఇలాంటి ప్రచారం 2006 ఆగస్టులో మళ్లీ లేచింది కానీ, అప్పటికి ఎన్టీఆర్ పోయి పదేళ్లు. ఇక చివర్లో: "రేపు పెత్రమాస, బతుకమ్మకు పువ్వు తేవాలె." యువ నామ సంవత్సరం పంచాంగం చూస్తే ఆ అమావాస్య 24న, ఆదివారం. అంటే అత్త మాట్లాడింది 1995 సెప్టెంబర్ 23, శనివారం.

ఆపేముందు తొక్కు సంగతి చెప్పింది. "డబ్బ మూతికి బావ నేసిన గుడ్డ గట్టిన. పారెయ్యకు, తువ్వాల జేస్కో."

రెండో వైపు తిప్పగానే పెద్దబాపు గొంతు. జవాబు ఉంది! "తొక్కు రూముల అందరం తిన్నం. గుడ్డ దాసుకున్న" అన్నాడు. "దీపావళి తెల్లారి గ్రహణం పట్టె గదా, పండుగ మంచిగైందా?" అని అడిగాడు. ఆ సూర్యగ్రహణం అక్టోబర్ 24న. "ఎన్టీఆర్ మళ్లొస్తడంటవా?" అనీ అడిగాడు. ఎన్టీఆర్ చనిపోయింది 1996 జనవరి 18న. జవాబు ఆ మూడు నెలల లోపుది.

తర్వాత సామాను లెక్క. చెల్లెకు చీర, బావకు టైగర్ బామ్, పోరనికి నిడో డబ్బా, ఒక టార్చిలైటు. అత్తకు ఫోన్ చేసి అడిగాను. ఆ చలికాలంలో అన్నీ అందాయి, కోరుట్ల నుంచి మా బాపే తీసుకెళ్లి ఇచ్చాడు. రానిది క్యాసెట్టొక్కటే. దుబాయి నుంచి తెచ్చినవాడు పోగొట్టి ఉంటే ఇది నాయినమ్మ సందుగలో ఎందుకుంటుంది? మూట కోరుట్లలోనే విప్పారు.

కౌంటర్ సున్నాకు వస్తుండగా పెద్దబాపు గొంతు తగ్గింది. "చెల్లె, పని పొయ్యింది. కంపెనీల నుంచి బయటికొచ్చిన, ఖల్లివెల్లి అయిన. అవ్వకు చెప్పకు." అక్కడే సున్నా పడింది.

చదువు రాని నాయినమ్మ కొడుకు గొంతు వినాలనుకుంది, విన్నది, ఆ మాట దగ్గర ఆపేసింది. ఎందుకు దాచిందన్నది నా ఊహే. సిరిసిల్లలో క్యాసెట్టు వేస్తే ఇల్లంతా కూర్చుని వింటారు. కొడుకు ఖల్లివెల్లి అయి, కాగితాల్లేకుండా తిరుగుతున్నాడని అల్లుడి ఇంట్లో తెలియడం ఆమెకు ఇష్టం లేదు. ఇంకో ఆధారం మా బాపు ఇచ్చాడు. 1996లో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు పెద్దబాపు ఉత్త చేతుల్తో ఇల్లు చేరాడు. వాడంతా వచ్చి ఏమైందని అడిగితే, నాయినమ్మ ఒక్కతే ఏమీ అడగలేదట.

అత్త రెండో వైపు మొత్తం విన్నది. "అవ్వ తప్పు జేసింది. ముప్పై ఏండ్లు నాతోని అన్నను తిట్టిచ్చింది" అన్నది. నా తీర్పూ అదే.

మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్లుంటే వెంటనే వేయకండి, టేపు తెగొచ్చు. తెలిసిన మెకానిక్‌కు చూపించి ఫోన్‌లోకి ఎక్కించుకోండి. వెనక్కి తిప్పే ముందు మాత్రం ఎక్కడ ఆగి ఉందో రాసిపెట్టుకోండి.