దొంగ హెచ్చరికల చరిత్ర



1980లలో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తుంటే మన సోమశిల గుళ్లను ఎత్తైన చోటికి మార్చి కట్టారు. ఆ ముంపు నిజం. ఇంట్ల కంప్యూటర్‌లో "వైరస్ పడింది, వెంటనే ఫోన్ చెయ్యండి" అని మోగేది మాత్రం అబద్ధం. దీనికీ ఒక చరిత్ర ఉంది.

2000 తర్వాత "విన్‌ఫిక్సర్" లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఉచితంగా చెక్ చేస్తామని లేని వైరస్‌లు చూపించి, బాగుచేస్తామని డబ్బులు గుంజాయి. ఇట్ల పది లక్షల మందికి పైగా మోసపోయారని అమెరికా వాణిజ్య కమిషన్ 2008లో కోర్టుకెక్కింది. 2012లో 16 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పొచ్చింది. అదే ఏడాది, మైక్రోసాఫ్ట్ పేరు చెప్పి ఫోన్లు చేసే ముఠాల మీద కేసులు పెట్టింది. వాటిలో ఎక్కువ మన దేశంలోనివే.

2015లో క్రోమ్‌కు పుష్ నోటిఫికేషన్లు వచ్చాయి. ఇప్పుడు దొంగలకు వైరస్ కూడా అక్కర్లేదు. ఏదో సైట్‌లో మనం "అలో" నొక్కితే చాలు.

కాబట్టి గాబరా పడొద్దు. ఆ నంబర్‌కు ఫోన్ చెయ్యొద్దు. తెర కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ ఆపేయండి. తర్వాత క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు పోయి, తెలియని సైట్లను తీసేయండి. విండోస్ సెక్యూరిటీతో ఒకసారి స్కాన్ చెయ్యండి. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉండదు.

డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి చెప్పండి. స్కాలర్‌షిప్ పడే ఖాతా మనది, కాపాడుకునేదీ మనమే.