నీళ్ల కింద ఊళ్లు, గట్టు మీద గుళ్లు: అలంపూర్ నుంచి సాగర్ దాకా

ఫోన్ తెరిస్తే చాలు, మెక్సికోలోని తులుం రీల్స్ కనిపిస్తుంటాయి కదా. ఒకపక్క కరీబియన్ సముద్రం, ఇంకోపక్క అడవి, ఒడ్డునే మాయా నాగరికత కట్టడాలు. మన మహబూబ్‌నగర్‌కు, నల్లగొండకు సముద్రం లేదు. కానీ కృష్ణ ఉంది. అలంపూర్ నుంచి సోమశిల మీదుగా నాగార్జునసాగర్ దాకా వెళ్తే నీళ్లు, అడవి, మ్యూజియం మూడూ దొరుకుతాయి. ఈ ఎపిసోడ్‌లో ఆ దారి చూద్దాం. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నా. మనం సెల్ఫీలు దిగే ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. మనం దండం పెట్టుకునే గుళ్లలో కొన్ని, మొదట కట్టిన చోట లేవు.

ముందు అలంపూర్. తుంగభద్ర ఒడ్డున ఉంటుంది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి, అంటే 7, 8 శతాబ్దాలవి. పేరుకు బ్రహ్మలే గానీ, లోపల ఉన్నది శివుడు. దగ్గర్లోనే సంగమేశ్వరాలయం ఉంది. సంగమం అంటే నదులు కలిసే చోటు. మరి ఈ గుడి దగ్గర ఏ నదులు కలుస్తున్నాయి? ఏవీ కలవవు. ఎందుకంటే ఈ గుడి అసలు చోటు కూడవెల్లి, కృష్ణా తుంగభద్రా కలిసే చోటు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాళ్లు విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ వల్ల మునిగిపోకుండా అబూ సింబెల్ ఆలయాలను 1960లలో ముక్కలుగా కోసి పైకి జరిపారే, అలాంటి పనే అన్నమాట.

అక్కడి నుంచి కొల్లాపూర్ దగ్గరి సోమశిల. కృష్ణ ఇక్కడ చెరువులా కాదు, సముద్రంలా కనిపిస్తుంది. కారణం శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. అవతలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ వైపు, ఇంకో సంగమేశ్వరం ఉంది. అక్కడ లింగం వేప మొద్దుది. దాన్ని ఎక్కడికీ తరలించలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి, నీటిమట్టం తగ్గాక బయటికొస్తుంది. అప్పుడు జనం పోయి పూజలు చేసుకుంటారు.

గుళ్ల సంగతి ఇదీ. మరి మనుషులు? శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు, ఇళ్లు కూలగొట్టించారు. నదీతీరపు నల్లరేగడి పొలాలున్న రైతులు గట్టు మీదికి వచ్చి కూలీలయ్యారు. 1986లో జీవో 98 వచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం అన్నది దాని సారాంశం. ఆ ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు జరిగాయి. కొల్లాపూర్ వైపు వెళ్లి "తొంభై ఎనిమిది" అనండి, పెద్దవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

సోమశిల నుంచి సాగర్‌కు పోయే దారిలో నల్లమల వస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇక్కడే. చెంచుల నేల ఇది. టూరిస్టు జోన్ కాకముందు కూడా ఇది వాళ్ల ఇల్లే, అది గుర్తుపెట్టుకుని నడవండి.

ఇక నాగార్జునసాగర్. ప్రాజెక్టు మొదటి పేరు నందికొండ, అది నల్లగొండ జిల్లాలోని ఊరి పేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండబోయే లోయలో ఏముందో తెలుసా? 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. చాంతిసిరి లాంటి రాజకుటుంబపు ఆడవాళ్లు స్తూపానికి దానాలు చేసిన నగరం. సింహళ భిక్షువులకు విహారం ఉన్న నగరం. మెట్ల వరుసలతో ఆరుబయట ప్రేక్షకశాల కూడా ఉండేది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. దొరికిన శిల్పాలను, శాసనాలను కొండ మీదికి చేర్చారు. నీళ్లొచ్చాక ఆ కొండే ద్వీపం అయింది. లాంచీలో పోయి చూసే నాగార్జునకొండ మ్యూజియం అదే, 1966లో తెరిచారు. కొన్ని కట్టడాలను అనుపులో మళ్లీ నిలబెట్టారు. ఇవి రెండూ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నాయి. మన ఒడ్డున ఏలేశ్వరంలోనూ మునిగే ముందు తవ్వకాలు జరిగాయి, కానీ ఆ పేరు ఎంతమందికి తెలుసు? 2022లో మొదలైన బుద్ధవనం కూడా మన వైపే.

1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ రాకపోతే మిర్యాలగూడ వరి పొలాలు లేవు, రైస్ మిల్లులు లేవు. కాబట్టి డ్యామ్ కట్టడమే తప్పు అనడం లేదు. కానీ లెక్క చూడండి. రెండు చోట్లా, రాయికి ఒక చోటు ముందే ఆలోచించి పెట్టారు. దాని పక్కన పేరు, శతాబ్దం రాసిన బోర్డు కూడా ఉంది. ఆ రాళ్ల మధ్య నిన్నమొన్నటిదాకా బతికిన ఊళ్లకు మాత్రం అలాంటి చోటు దొరకలేదు.

ఆ ఊళ్లను కళ్లారా చూసినవాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. వాళ్లు పోతే వాడకట్టు పేర్లు, జాతర జరిగిన చోటు, పుట్టిదాటే రేవు, అన్నీ పోతాయి. మీ జేబులో ఉన్న ఫోన్ మంచి రికార్డర్. సోమశిలకో, సాగర్‌కో పోయినప్పుడు డ్రోన్ షాట్ తీసుకోండి, తప్పులేదు. కానీ ఒక తాత పక్కన పది నిమిషాలు కూర్చుని, "తాతా, మీ పాత ఊరు యాడుండె?" అని అడగండి. ఆయన నీళ్ల వైపు చెయ్యి చూపిస్తూ చెప్పేది రికార్డ్ చేసి దాచండి.

మీ ఇంట్లో ముంపు ఊరి వాళ్లుంటే, ఆ ఊరి పేరు కామెంట్‌లో రాయండి. ఒక్క పేరైనా చాలు.