కాంప్లిమెంట్ వ్యవస్థ, యాంటీబాడీలు: చరిత్ర

కాంప్లిమెంట్ వ్యవస్థ అంటే రక్తంలోనూ కణజాల ద్రవాల్లోనూ ఉండే ముప్పైకి పైగా ప్రోటీన్ల సముదాయం. వీటిలో ఒకటి మేల్కొంటే అది రెండోదాన్ని కోసి మేల్కొలుపుతుంది, రెండోది మూడోదాన్ని. పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీన్ని యాంటీబాడీలకు సహాయకారిగా పరిచయం చేస్తాయి: సూక్ష్మజీవిని గుర్తుపట్టేది యాంటీబాడీ, చంపేది కాంప్లిమెంట్ అని. ఇది అబద్ధమేమీ కాదు గానీ, ప్రయోగశాలల్లో సంగతి బయటపడిన వరుసకే ఎక్కువ విలువనిస్తుంది. సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే కాంప్లిమెంట్ స్వతంత్రంగా నిలవగల ప్రాచీన రక్షణ అనీ, దానికి గురి చూపే యాంటీబాడీ తరవాత వచ్చి చేరిందనీ చెప్పడం సబబు.

నిజానికి మొదటి సాక్ష్యం యాంటీబాడీతో సంబంధం లేనిదే. ఆంథ్రాక్స్ సోకని జంతువుల రక్తం కూడా ఆ బాక్టీరియాను చంపుతుందని 1888లో జార్జ్ నట్టాల్ చూపాడు. సుమారు 55 డిగ్రీల వేడికి నశించే ఈ శక్తికి హాన్స్ బుక్నర్ ‘అలెక్సిన్’ అని పేరు పెట్టాడు. అయితే 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలకు విరుగుడు సీరంలో కనిపెట్టడంతో అందరి చూపూ అటు తిరిగింది. 1895లో పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూల్ బోర్డే ఈ రెండు పాయలనూ కలిపాడు. కలరాకు రోగనిరోధకత పొందిన జంతువు సీరాన్ని వేడి చేస్తే కలరా క్రిములను కరిగించే శక్తి పోయింది. దానికి మామూలు జంతువు తాజా సీరం కాస్త కలిపితే తిరిగి వచ్చింది. అంటే వేడికి తట్టుకుని ఒక్కో క్రిమికి ప్రత్యేకంగా పనిచేసే యాంటీబాడీ ఒకటి, వేడికి చెడిపోతూ అందరి రక్తంలోనూ ఉండేది మరొకటి. ఈ రెండోదాన్నే 1899లో పాల్ ఎర్లిఖ్, మోర్గెన్‌రోత్ కాంప్లిమెంట్ అన్నారు.

ఎర్లిఖ్, బోర్డేల మధ్య వాదం చాలాకాలం సాగింది. యాంటీబాడీ ఒక చేత్తో క్రిమిని, మరో చేత్తో కాంప్లిమెంట్‌ను పట్టుకుంటుందని ఎర్లిఖ్ అన్నాడు. యాంటీబాడీ క్రిమిని లొంగదీస్తే కాంప్లిమెంట్ నేరుగా దాడి చేస్తుందని బోర్డే అన్నాడు. ఈ ఒక్క అంశంలో ఎర్లిఖ్ ఊహే నిజానికి దగ్గర. వై ఆకారంలో ఉండే యాంటీబాడీ కొమ్మలు క్రిమిని పట్టుకుంటే, దాని కాండానికి ఆరు తలల సీ1క్యూ ప్రోటీన్ అతుక్కుంటుంది. అక్కడినుంచి వరుస కదిలి సీ3 రెండుగా తెగుతుంది. పెద్ద ముక్క సీ3బి క్రిమి ఒంటికి అంటుకుని దాన్ని మింగే తెల్లకణాలకు ఆనవాలవుతుంది. చిన్న ముక్కలు వాపును రేపి ఆ కణాలను పిలుస్తాయి. చివరి ప్రోటీన్లు క్రిమి పొరలో సుమారు 10 నానోమీటర్ల రంధ్రం చేస్తాయి. పుస్తకాల బొమ్మల్లో ఈ రంధ్రానికే ప్రాధాన్యం ఎక్కువ. దళసరి గోడ ఉన్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా మీద మాత్రం అది పారదు, అక్కడ పని జరిగేది సీ3బి వల్లే.

బోర్డే ప్రయోగం యాంటీబాడీ లేనిదే పని జరగదనే నమ్మకాన్ని స్థిరపరిచింది. దాన్ని ఎదిరించినవాడు క్లీవ్‌లాండ్‌కు చెందిన లూయీ పిల్లెమర్. ఈస్టు కణాల గోడ నుంచి తీసిన జైమోసాన్ యాంటీబాడీ సాయం లేకుండానే కాంప్లిమెంట్‌ను కదిలిస్తుందని, అందుకు ప్రాపర్డిన్ అనే ప్రోటీన్ తోడ్పడుతుందని 1954లో ప్రకటించాడు. పిల్లెమర్ వాడిన సీరంలో మిగిలిన కొద్దిపాటి సహజ యాంటీబాడీలే ఆ పని చేసి ఉండవచ్చని 1958లో రాబర్ట్ నెల్సన్ ఆక్షేపించాడు. ఆక్షేపణ న్యాయమైనదే, కానీ దానికి జవాబివ్వడానికి పిల్లెమర్ లేడు, ముందటేడే మరణించాడు. జవాబు ఇతరులే తెచ్చారు. యాంటీబాడీ మార్గానికి తప్పనిసరైన సీ4 పుట్టుకతోనే లేని గినీ పందుల్లో కూడా కాంప్లిమెంట్ పనిచేస్తుందని 1970 ప్రాంతంలో తేలింది. 1979లో ముల్లర్-ఎబర్‌హార్డ్ బృందం శుద్ధి చేసిన 11 ప్లాస్మా ప్రోటీన్లతో, యాంటీబాడీ ఏమీ కలపకుండా, ఇ.కోలి బాక్టీరియాను చంపి చూపింది. సీ3 రక్తంలో ఎప్పుడూ కొద్దికొద్దిగా తనంతట తానే విచ్చుకుంటూ దగ్గరున్న ప్రతి ఉపరితలానికీ అంటుకుంటుంది. మన కణాల మీద అడ్డుకునే ప్రోటీన్లు ఉంటాయి, చాలా క్రిములకు అవి ఉండవు. యాంటీబాడీలు దవడలున్న వెన్నెముక జీవులకే ఉండగా, సీ3ని పోలిన ప్రోటీన్ సీ అర్చిన్లలోనూ హార్స్‌షూ పీతల్లోనూ ఉంది.

ఇంత స్వతంత్రమైనదైతే యాంటీబాడీలు లేని పిల్లలు ఎందుకు జబ్బు పడతారని అడగవచ్చు. 1952లో బ్రూటన్ వర్ణించిన బాలుడికి న్యుమోకోకస్ రక్తంలోకి మళ్లీ మళ్లీ సోకేది. గుళిక వంటి తొడుగున్న ఆ బాక్టీరియా మీద సీ3బి చాలినంతగా పేరుకోవాలన్నా, తెల్లకణాలకు కనబడాలన్నా యాంటీబాడీ కావాలి. ఆ మేరకు ఆధారపడటం వాస్తవమే. కానీ యాంటీబాడీలు ఉండి సీ3 లేనివారికీ అవే తీవ్రమైన సోకులు వస్తాయి. చివరి ప్రోటీన్లలో ఏదైనా లోపిస్తే మెనింగోకోకస్ పదేపదే సోకుతుంది. 2007లో అమెరికాలో ఆమోదం పొందిన ఎకులిజుమాబ్ మందు ఆ చివరి ప్రోటీన్లలో ఒకటైన సీ5ను అడ్డుకుంటుంది. ఆ మందు కూడా ఒక యాంటీబాడీయే. దాన్ని వాడేవారికి మెనింగోకోకస్ టీకా తప్పనిసరి, అయినా టీకా వేయించుకున్నవారిలో కొందరికి ఆ జబ్బు వచ్చింది.