రంగుపొడుల పట్నం: కురవి సీమలో బొమ్మ, మొక్కు, ఊరట

కాకతీయ సామ్రాజ్యం స్థిరపడక ముందే చరిత్రకెక్కిన తెలంగాణ ఊళ్లలో కురవి ఒకటి. ముదిగొండ చాళుక్యులు ఏలిన ఈ స్థలాన్ని శాసనాలు కొరవి అని పేర్కొన్నాయి. 10వ శతాబ్దానికి చెందిన కొరవి శాసనాన్ని తెలుగు గద్యానికి లభించిన తొలి నమూనాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. రాతిమీది ఆ అక్షరాలకు దక్కిన గౌరవం, ఇదే సీమలో నేలమీద రంగుపొడులతో గీసి, పూజ ముగియగానే తొక్కి చెరిపేసే పట్నాలకు దక్కలేదు. శాసనం దాతను, ధర్మాన్ని నమోదు చేస్తే, పట్నం ఒక ఇంటి కష్టాన్ని, ఆ కష్టం తీరాలన్న మొక్కును నమోదు చేసేది. మనసులోని బాధను బొమ్మ సాయంతో బయటపెట్టుకొనే ఆర్ట్ థెరపీ అనే నేటి చికిత్సకు ఈ ప్రాంతంలో సమీప పూర్వరూపం ఏదని వెదికితే, మొదట చూడవలసింది పట్నం వైపే.

పొడులతో బొమ్మలు వేయడం కేవలం పల్లెవాసుల వాడుక కాదు. 12వ శతాబ్ది పూర్వార్ధంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసం చిత్రభేదాలను వివరిస్తూ, రంగుపొడులతో వేసే బొమ్మను ధూళిచిత్రం అన్న పేరుతో ప్రత్యేకంగా గుర్తించింది. ఆ కాలంలో ఓరుగల్లు ప్రాంతాన్ని పాలించిన కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు కాబట్టి, రాజాస్థానపు గ్రంథంలో చోటు దొరికిన ఈ కళ ఈ ప్రాంతపు ఇళ్లకూ గుళ్లకూ అపరిచితమై ఉంటుందని అనుకోలేము. అయితే గ్రంథంలోని ధూళిచిత్రానికీ నేటి పట్నానికీ నడుమ తెగని దారం ఉన్నదని చూపే ఆధారం లేదు. రెండింటి పోలికను పోలికగానే గ్రహించడం న్యాయం.

పట్నం ముడిపడి ఉన్న దైవం మల్లన్న. మహారాష్ట్రలో ఖండోబాగా, కన్నడ సీమలో మైలారుగా పూజలందుకొనే ఈ పశుపాలకుల దేవుడికి వరంగల్ దాపున ఐనవోలులోనూ, జనగామకు వాయవ్యాన కొమురవెల్లిలోనూ పెద్ద క్షేత్రాలున్నాయి. ఓరుగల్లు వీధులను కళ్లకు కట్టే క్రీడాభిరామం అనే గ్రంథం మైలారు దేవుని భక్తుల సాహసాలను, గొరగపడుచు విన్యాసాలను వర్ణించింది. జనగామ జిల్లా పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రి జాగరణ వేళ శ్రీశైలంలో సాగిన ఆటపాటలను వరుసగా పేర్కొన్నాడు. శివభక్తి, ప్రదర్శన, సామూహిక జాగరణ ఈ నేలమీద ఎంతకాలంగా కలిసి నడిచాయో ఈ రెండు గ్రంథాలు తెలుపుతాయి. కురవిలో కొలువైన వీరభద్రుడి జాతరకు కూడా శివరాత్రే ముఖ్య సందర్భం. వెండి, బంగారు కోరమీసాలు సమర్పించి మొక్కు తీర్చుకొనే ఆచారం ఆ ఆలయానికి ప్రత్యేకత. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు అక్కడ బంగారు మీసాలు సమర్పించారు. మొక్కు అంటే కష్టకాలంలో దైవానికి ఇచ్చిన మాట. పట్నం కూడా అటువంటి మాటకు చెల్లింపే.

పట్నం వేసేవారు ఒగ్గు పూజారులు. ఒగ్గు అంటే శివుడి డమరుకాన్ని పోలిన చిన్న వాద్యం. దానిని మోగిస్తూ కురుమ, యాదవ కులాల పూజారులు మల్లన్న కథ చెబుతారు, ఆ కథనే ఒగ్గుకథ అంటారు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను వేదికల మీదికి తెచ్చి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. వేదిక మీద కథకు, ఆటకు చప్పట్లు దక్కాయి గాని, ఇంటి ముంగిట గంటల తరబడి వంగి కూర్చుని పట్నం వేసే చేతులకు ఆ వెలుగు అంతగా చేరలేదు. ఒగ్గు సంప్రదాయాన్ని కథాకళగా మాత్రమే చూసే పరిశోధనలు దాని సగభాగాన్ని వదిలేసినట్లే.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, సంతానం నిలవకపోయినా, మందకు తెగులు సోకినా పట్నం వేయిస్తామని పెద్దలు మొక్కుకొనేవారు. అనుకున్న రోజున నేలను పేడతో అలికి ఆరనిచ్చి, ఆ నల్లని పొరమీద పూజారి చిటికెతో పొడి జారవిడుస్తూ చదరాలు, అంచులు, త్రిశూలం వంటి గుర్తులు తీరుస్తాడు. పసుపుతో పసుపు రంగు, కుంకుమతో ఎరుపు, బియ్యప్పిండితో తెలుపు, ఎండిన ఆకులను దంచిన పొడితో ఆకుపచ్చ, బొగ్గుపొడితో నలుపు వస్తాయి, అంటే వంటింటిలో, పెరటిలో దొరికే వస్తువులే దైవానికి పీఠం అవుతాయి. బొమ్మ పూర్తయ్యాక దానిమీదనే మల్లన్నకు గొల్ల కేతమ్మతో, బలిజ మేడలమ్మతో పెళ్లి జరుగుతుంది. డోళ్లు, తాళాల హోరులో కొందరికి శిగం వస్తుంది, అనగా దేవత పూనినట్లుగా ఊగుతారు. శివసత్తులుగా పేరుపడిన భక్తురాళ్ల నోట ఆ ఇంటివారు అడగలేకపోయిన ప్రశ్నలు, చెప్పుకోలేకపోయిన మాటలు బయటికి వస్తాయి. చివరికి అందరూ పట్నం తొక్కుతారు, బండారి అనే పసుపును నుదుట పెట్టుకుంటారు. కొమురవెల్లిలో శివరాత్రి నాడు వేసే పెద్దపట్నం ఈ ఇంటి ఆచారానికే జాతర స్థాయి రూపం.

ఈ క్రమంలో ఊరటనిచ్చే అంశం ఏదో గుర్తించడం ముఖ్యం. పట్నం జబ్బును నయం చేస్తుందని చెప్పడం తప్పు. వైద్యుడిని మాని పూజారినే ఆశ్రయించిన చోట ప్రాణనష్టం జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంది. కాని ఒక మనిషి కష్టాన్ని కుటుంబం మొత్తం ఒక రాత్రి మేల్కొని చూడటం, దానికి కంటికి కనబడే హద్దులు గీయడం, ఆ హద్దుల్లోనే ఏడ్పుకూ ఊగడానికీ అనుమతి ఇవ్వడం, చివరకు దానిని అందరి పాదాల కింద చెరిపేయడం, ఇవి మనసుకు చేసే మేలు చిన్నది కాదు. కేరళలో ఇవే అయిదు రంగుల పొడులతో భగవతి రూపాన్ని వేసి పాట, పూనకం తరువాత చెరిపేసే కళమెళుత్తులోనూ, అమెరికాలోని నవహో ఆదివాసులు రోగిని ఇసుకచిత్రం మధ్య కూర్చోబెట్టి, తంతు ముగిశాక ఆ చిత్రాన్ని ఉంచకుండా తొలగించే ఆచారంలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది.

ఆర్ట్ థెరపీ ఇందుకు పూర్తిగా భిన్నమైన వాతావరణంలో, ఆసుపత్రి పడకల మధ్య పుట్టింది. క్షయతో శానిటోరియంలో చేరి, అక్కడ బొమ్మలు గీస్తూ కోలుకున్న బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో ఆ పేరును వాడుకలోకి తెచ్చి, 1945లో తన అనుభవాలను పుస్తకంగా ప్రకటించాడు. 1946 నుంచి ఎడ్వర్డ్ ఆడమ్సన్ ఇంగ్లండులోని నెదర్న్ మానసిక వైద్యశాలలో రోగులకు రంగులిచ్చి, వారి చేతిని దిద్దకుండా గీయనిచ్చాడు. అమెరికాలో మార్గరెట్ నౌంబర్గ్ బొమ్మను మనోవిశ్లేషణలో భాగం చేసింది. 1964లో బ్రిటన్‌లోనూ, 1969లో అమెరికాలోనూ ఈ వృత్తివారి సంఘాలు ఏర్పడ్డాయి.

పట్నం తెలిసిన ఇంటినుంచి ఇటువంటి చికిత్సకు మొదటిసారి వెళ్లే వ్యక్తికి కొన్ని విషయాలు పరిచితంగా తోస్తాయి, కొన్ని తలకిందులుగా కనిపిస్తాయి. నిర్ణీత స్థలం, నిర్ణీత సమయం, తోడుగా కూర్చొనే నిపుణుడు రెండింటిలోనూ ఉంటారు. కాని పట్నంలో గీసేది పూజారి, బాధపడేవాడు చూసేవాడు మాత్రమే. ఆర్ట్ థెరపీలో క్రేయాన్లు, నీటిరంగులు, బంకమట్టి బాధపడేవారి చేతికే అందుతాయి. మొదటి సమావేశం చాలావరకు మాటలతోనే గడుస్తుంది. ఎందుకు వచ్చారు, ఏ మందులు వాడుతున్నారు, ఏమి ఆశిస్తున్నారు అని చికిత్సకులు అడుగుతారు. చెప్పిన సంగతులు ఎంతవరకు గోప్యంగా ఉంటాయో, ప్రాణాపాయం వంటి ఏ పరిస్థితుల్లో ఇతరులకు చెప్పవలసి వస్తుందో ముందే వివరించాలి. సాధారణంగా వారానికి ఒకసారి, సుమారు గంటసేపు సాగే ఈ సమావేశాల్లో బొమ్మ బాగుందా లేదా అన్న విచారణే ఉండదు కాబట్టి, బడి వదిలాక బొమ్మ గీయని రైతుకూలీ అయినా సంకోచించనక్కరలేదు. కొన్నిసార్లు గీసిన తరువాత మనసు తేలికపడటానికి బదులు బరువెక్కుతుంది. అది చికిత్సకులకు చెప్పవలసిన సంగతే తప్ప దాచవలసిన లోపం కాదు.

అన్నిటికంటె పెద్ద తేడా అర్థం విషయంలో ఉంది. పట్నంలోని ప్రతి గీతకూ అర్థం తరాల క్రితమే స్థిరపడింది, మల్లన్న పెళ్లి కథ దాన్ని అందరికీ ఒకేలా విప్పి చెబుతుంది. చికిత్సలో నల్లరంగు వాడితే దుఃఖమనో, ఎరుపు వాడితే కోపమనో పట్టికలు పెట్టి తేల్చేవారు వృత్తికి ద్రోహం చేస్తున్నట్లే, ఎందుకంటే ఆ గీత ఏమి చెబుతుందో గీసిన వ్యక్తి మెల్లగా తెలుసుకొనేదాకా వేచి ఉండటమే చికిత్సకుల పని. పూర్తయిన బొమ్మను దాచాలా, ఇంటికి తీసుకుపోవాలా, చింపేయాలా అన్నది గీసినవారి ఇష్టం. తొక్కి చెరిపే అలవాటు తెలిసిన చోట మూడవ మార్గాన్ని కోరుకొనేవారిని చూసి, శిక్షణలో బొమ్మను భద్రపరచడమే నేర్చుకున్న చికిత్సకులు తొందరపడి దానిని ప్రతికూల లక్షణంగా రాసుకోకూడదు. మానసిక ఆరోగ్య సేవలు పొందడం ప్రతి వ్యక్తి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ఆ హక్కు మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలదాకా చేరే నాటికి, అక్కడికి వచ్చే చికిత్సకులు ఒగ్గు పూజారుల దగ్గర ఒక రాత్రి కూర్చుని పట్నం వేయడాన్ని మొదటినుంచి చివరిదాకా చూసి రావడం వారి శిక్షణలో భాగం కావాలి.